ఇరవై నిమిషాల కాగితం

పాలు పొంగేలోపు వారం రోజుల ధ్యానం పూర్తిచేయాలి. స్టౌ పక్కన తడి తగలని చోట కాగితం పరిచి ఆమె గబగబా గళ్లు నింపుతోంది. సోమవారం ఇరవై నిమిషాలు. మంగళవారం ఇరవై. బుధవారానికి పెన్ను మార్చింది. ఏడు గళ్లూ ఒకే సిరాతో నిండితే ఎవరికైనా అనుమానం వస్తుంది. పద్దెనిమిదేళ్లుగా బట్టల ఫ్యాక్టరీ ఆఫీసులో హాజరు పట్టీ రాస్తున్న మనిషి, ఎన్ని దొంగ సంతకాలు పట్టుకుందో! పాము కాళ్లు పాముకే ఎరుక. శుక్రవారం గడిలో పదిహేను వేసింది, మరీ అన్నీ ఇరవైలైతే నమ్మరని. చివరి గడి నింపి పాలు దించింది. నిజానికి ఆ వారంలో ఆమె ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు. అంతకుముందు ఐదు వారాల్లోనూ కూర్చోలేదు.

రొమ్ము క్యాన్సర్‌కి వైద్యం ఎనిమిది నెలలు సాగింది. అప్పుడు ఏడవలేదు. అంతా అయిపోయి, "ఇక ఆర్నెల్లకోసారి వస్తే చాలు" అని డాక్టరమ్మ నవ్వుతూ పంపించాక మొదలైంది ఏడుపు. పొద్దున లేవబుద్ధి కాదు. తిన్నది గడ్డిలా ఉంటుంది. ఆఫీసు బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి మళ్లీ పట్టీ ముందు కూర్చుంటుంది. డాక్టరమ్మ దాన్ని డిప్రెషన్ అంది. మాత్రలతో పాటు, ఆసుపత్రిలో వారానికోసారి జరిగే మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుకు వెళ్లమంది. అక్కడ కౌన్సెలరు, కూతురు వయసు పిల్ల, చెప్పేది చాలా తేలిక. రోజూ ఇరవై నిమిషాలు తలుపు వేసుకుని కూర్చోవాలి, ఊపిరి మీద ధ్యాస పెట్టాలి, మనసు పారిపోతే తిట్టకుండా చెయ్యి పట్టుకుని వెనక్కి తెచ్చుకోవాలి. రోజూ ఎన్ని నిమిషాలు కూర్చున్నదీ కాగితం మీది గళ్లలో రాసి వారం వారం తెచ్చివ్వాలి. మనసు సంగతి దేవుడెరుగు, ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

"కూర్చో, వద్దన్నదెవరు?" అన్నాడు భర్త మొదటిరోజే. "ఈ చొక్కా గుండీ ఒక్కటి కుట్టేసి హాయిగా కూర్చో." గుండీ తర్వాత ఇస్త్రీ, ఇస్త్రీ తర్వాత వంట. ఇంకోరోజు, "రిపోర్టులన్నీ బాగున్నాయిగా, ఇంకా దిగులేమిటి నీకు?" అన్నాడు. అత్తగారైతే బుగ్గలు నొక్కుకుంది. "కళ్లు మూసుకోడానికి కూడా క్లాసులా! నేను రోజూ మధ్యాహ్నం మూసుకుంటున్నా, నాకెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదే!" తల్లీకొడుకులు నవ్వారు, ఆమె కూడా నవ్వింది. నవ్వక ఏం చేస్తుంది? ఆ అత్తగారే, డెబ్బై ఏళ్ల మనిషి, మోకాళ్లు పట్టుకుని వంగి కోడలి వాంతుల బేసిను ఎనిమిది నెలలు కడిగింది. ఒక్కసారి కూడా ముక్కు మూసుకోలేదు. భర్త తన సెలవులన్నీ ఆసుపత్రి బెంచీల మీదే గడిపాడు. అలాంటివాళ్ల ముఖాన తలుపు వేయడానికి చేతులెలా వస్తాయి? వార్డులో పక్క మంచం ఆవిడ అసలు ఇంటికే వెళ్లలేదు. తాను బతికి బయటపడి, పైగా దిగులట! వైద్యం అయిపోయిన మర్నాడే, "హమ్మయ్య, నీ వంటిల్లు నీకు అప్పజెప్పేశా" అంది అత్తగారు. ఆవిడ మోకాళ్ల వంక చూసి ఆమె గరిటె అందుకుంది.

మొదటి వారం ఖాళీ కాగితం ఇవ్వడానికి సిగ్గేసింది. ఎందుకు కుదరలేదని అడుగుతారు. చెబితే ఇంటివాళ్ల మీద చాడీలు చెప్పినట్టే. అందుకని ఇరవైలు వేసింది. ఆ పిచ్చితల్లి కౌన్సెలరు మురిసిపోయి, మూడో వారం కాగితాన్ని ఏకంగా క్లాసు గోడకు అంటించింది. "చూడండి, ఉద్యోగం, ఇల్లు, అన్నీ ఉన్న మనిషి! మనసుంటే మార్గం ఉంటుంది." అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

ఆ మరుసటి వారం నుంచే, క్లాసులో ఆమె పక్కన కూర్చునే టైలరమ్మ రావడం మానేసింది. ఆవిడదీ అదే జబ్బు. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాచిపోతుంటుంది. "జబ్బు పోయి ఏనుగు తొండం వచ్చింది అక్కా" అని నవ్వించేది. ఈ రోజు ఆఫీసులో పూట సెలవు పెట్టి, వదులైన బట్టలు రెండు బిగించుకోవాలన్న వంకతో ఆమె క్లాసు దారిలో ఉన్న టైలరమ్మ కొట్టుకు వెళ్లింది. పొద్దున నింపిన కాగితం సంచిలోనే ఉంది.

"మానేశానక్కా," అంది టైలరమ్మ కుట్టు మిషను మీద నుంచి తల ఎత్తకుండా. "పోయిన వారం చెకప్పుకి రమ్మన్నారు, దానికీ వెళ్లలేదు."

"అయ్యో, చెకప్పు మానడమేమిటి!"

"వెళ్తే క్లాసు సంగతి అడుగుతారు. ఏం చెప్పను? గోడ మీద నీ కాగితం చూసినప్పట్నుంచీ నా మీద నాకే అసహ్యంగా ఉంది. నీకూ ఉద్యోగముంది, అత్తగారుంది. నువ్వు రోజూ కూర్చోగలుగుతుంటే నాకేం రోగం? రెండు నిమిషాలు కళ్లు మూస్తే కుక్కరు కూస్తుంది, లేచిపోతా. బతుకు మిగిలినా బాగుచేసుకోలేని దద్దమ్మని. నాకు టెస్టులు కూడా దండగే."

నిజం గొంతు దాకా వచ్చింది. "బట్టలు ఎప్పటికిస్తావు?" అని మాత్రం అడిగి ఆమె బయటపడింది.

వీధి చివరిదాకా నడిచింది. పది నిమిషాలు ఆలస్యమైందని ఎంతమంది ఆడవాళ్ల హాజరులో సగం రోజు కోసేసింది! పిల్లకి జ్వరమమ్మా అని ఒకామె బతిమాలితే, "ఇళ్లు అందరికీ ఉంటాయి" అంది. ఇప్పుడు అదే చేత్తో దొంగ హాజరు వేసుకుని ఒక మనిషిని చెకప్పు కూడా మానిపించింది. రేపు ఆవిడకేమన్నా అయితే? అంతే, ఆమెకు అడుగు ముందుకు పడలేదు. వెనక్కి తిరిగింది.

కాగితం తీసి మిషను మీద పెట్టింది. "ఇదంతా అబద్ధం. ఆరు వారాల్లో నేను ఒక్క నిమిషం కూర్చోలేదు."

టైలరమ్మ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసింది. "రెండు పెన్నులు కూడానా!" అంది. తర్వాత గొంతు పెరిగింది. "పాపిష్టిదానా, నీ మూలంగా ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా?"

"ఇందాకే తెలిసింది."

"ఎందుకు కుదరలేదు? మీవాళ్లు వద్దన్నారా?"

అవునంటే సరిపోయేది. "వద్దనలేదు. నేనే అడగలేదు. నాకు అంత చేసినవాళ్లను ఇరవై నిమిషాలు అడగడానికి మొహం చెల్లలేదు."

టైలరమ్మ వాచిన చేతిని ఒళ్లో పెట్టుకుని రెండో చేత్తో నిమురుకుంది. "ఏం పర్లేదులే అని మాత్రం అనను," అంది. "ముందు ఆ గోడ మీది కాగితం పీకెయ్. వచ్చే వారం నిజం కాగితం పట్రా, సున్నాలున్నా సరే. అది చూశాకే నీతో చెకప్పుకి వస్తా."

ఆమె క్లాసుకు వెళ్లి కాగితం పీకి, కౌన్సెలరు చేతిలో పెట్టి, అందరి ముందూ చెప్పింది. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "నాతో చెప్పాల్సిందమ్మా," అంది, అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూనే అంది. "అత్తయ్యా, ఇరవై నిమిషాలు నన్నెవరూ పిలవొద్దు."

"ఇప్పుడా? మరి టీ?" అన్నాడు భర్త.

"మీరే పెట్టండి. అత్తయ్యకీ ఇవ్వండి."

సమాధానం వినకుండా గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కూర్చుని కళ్లు మూసింది. ఊపిరి. వంటింట్లో గిన్నె కింద పడింది. ఊపిరి. "అమ్మా, చక్కెర ఎక్కడ?" అని కేక. అత్తగారు కుర్చీలోంచి లేస్తున్న చప్పుడు, ఆ తర్వాత మోకాళ్ల నొప్పికి మూలుగు. మనసును చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. మళ్లీ మూలుగు. ఇక కూర్చోలేక లేచి తలుపు తీసేసింది.

అత్తగారు చక్కెర డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. కోడలి వంక ఎగాదిగా చూసింది.

"నిన్నెవరు పిలిచారే?"

నిజమే, ఎవరూ పిలవలేదు.

మళ్లీ తలుపు వేసుకుంది. క్లాసులో ఇచ్చిన కొత్త కాగితం తీసి మొదటి గడిలో నాలుగు అని వేసింది. పద్దెనిమిదేళ్లుగా అందరి హాజరూ వేసిన మనిషి, తన హాజరు నిజంగా వేసుకోవడం అదే మొదలు.