తోలు సీటు

“ప్లగ్గులు కాలినయా?”

పొద్దున్నే పెరట్లో వేపపుల్ల నములుతూ రాజేశం భార్యను అడిగే మొదటి మాట అది. కస్తూరమ్మ పొయ్యి ముందు కూర్చుని ఒక చేత్తో పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ, ఇంకో చేత్తో పట్టకారుతో నిప్పుల మీది నాలుగు ప్లగ్గులను పొర్లిస్తుండేది. అంతకుముందే వాటిని విప్పుకొచ్చి, పెట్రోలుతో కడిగి, ఇనుప బ్రష్షుతో మసి గీకి, ఎండేదాకా ఆరబెట్టేది. వేడిమీద బిగిస్తేనే రాజేశం బండి లేచేది. రొట్టెలు పెట్రోలు వాసన వస్తున్నాయని అత్త వసంతమ్మ సణిగేది. “వంటింట్లె గీ ఇనుప ముక్కలేందే? నీకు శుచి లేదు, శుభ్రం లేదు” అని కోడలినే అనేది. ఆ ఇనుప ముక్కలు ఎవరి బండివో ఆమెకు తెలియక కాదు.

పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు హైదరాబాద్‌లో ఒక జాగీర్దారు ఉన్నవన్నీ అమ్ముకొని పోతుంటే రాజేశం ఆ బండిని కొన్నాడు. తాండూరులో నాపరాళ్ల వ్యాపారం అతనిది. బండలు మోసే లారీ కొంటాడని ఇంట్లో అందరూ అనుకున్నారు. వచ్చింది ఆకుపచ్చ రేసు కారు. పొడుగాటి మూతి, ఇద్దరికే సీట్లు, పైన కప్పు లేదు, పక్కన తలుపులు లేవు. నేలకు జానెడు ఎత్తు. పొగ గొట్టం ఎడమ పక్కన బయటే ఉండేది, ఎక్కేవాళ్లు దాని మీంచి కాలు దాటించి లోపలికి దిగాలి. రాజేశం అటు కూర్చోడు కదా. కస్తూరమ్మ ఎడమ పిక్క మీద అరచేయంత కాలిన మచ్చ మిగిలింది.

బండి వెంట వికారాబాద్ మెకానిక్ యోబు వచ్చి రెండు రోజులున్నాడు. “సేట్, గిది పందేల బండి. గుండ్రటి మైదానంల జోరుగ ఉరకనీకె చేసిండ్రు. బజార్ల ఎడ్లబండి ఎన్క నిమ్మలంగ పోతే ప్లగ్గులకు మసి పడుతది. ఊర్ల తిరిగేటప్పుడు గీ ప్లగ్గులు, రోడ్డు మీద జోరుకు గా ప్లగ్గులు. మార్చుకుంట ఉండాలె” అని చెప్పబోయాడు. రాజేశం పది నిమిషాలు విని, బండి చూడటానికి వచ్చిన వాళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. యోబు పానా పట్టుకొని అట్లాగే నిలబడి, చాయ్ తెచ్చిన కస్తూరమ్మను చూశాడు. “అమ్మా, ఇంట్ల ఉండేది మీరు. జర మీరన్న ఇనుండ్రి” అన్నాడు.

ఆమె విన్నది. అప్పటి నుంచి అది ఆమె పనయింది. చలికాలమైతే కాగులో నీళ్లు కాచి బండిలో పోయడం, పనిమనిషి భీమమ్మతో కలిసి బండిని వాకిట్లోంచి బజారు వాలు దాకా నెట్టడం, హ్యాండిల్ తిప్పడం, అది ఎదురు తన్ని మణికట్టు వాస్తే పసుపు పెట్టుకోవడం. బండి గుర్రుమనగానే రాజేశం తెల్లని ధోవతి అంచు పట్టుకొని వచ్చి కూర్చునేవాడు. కూరగాయలకు ఆ బండే, గనికి ఆ బండే, తోటి షావుకారు ఇంట్లో పేరంటానికీ ఆ బండే. పప్పు బస్తా తేవాలంటే కస్తూరమ్మ ఒళ్లోనే పెట్టుకొని రావాలి. వాన పడితే గొడుగు అతని నెత్తిమీద పట్టాలి. “నాకు చేతులు ఖాళీ లేవు గదనే” అనేవాడు, ఎంతో న్యాయంగా.

“రాజేశం సేట్‌కు బండి మాటింటది” అని తాండూరంతా అనేది. మాట వింటున్నది కస్తూరమ్మ. మూడో ప్లగ్గు తప్పుతుంటే వంటింట్లోంచే ఆమె చెవికి తెలిసేది. బ్రేకు వేస్తే బండి ఎడమకు గుంజుతుందని, ఎండలో నీళ్లు మసులుతున్నాయంటే ఎంతసేపు ఆగాలో, అన్నీ తెలుసు. ఒకసారి బంధువుల ముందు నోరు జారి, “దానికి గంత జోరుగ క్లచ్చి వదలొద్దండి” అంది. అతను నవ్వి, “ఇగో, మా ఇంటిది నాకు బండి నేర్పుతది” అన్నాడు. అందరూ నవ్వారు. అత్త అయితే కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. కస్తూరమ్మ లోపలికి పోయి గోళ్ల సందుల్లో నల్లటి నూనెను కుంకుడు రసంతో రుద్దింది. ఎంత రుద్దినా పోదు. నోముకు పిలిచిన ఇళ్లల్లో వాయనం అందుకునేటప్పుడు ఆ చేతులను కొంగు కింద దాచుకునేది. పని చేసింది తనైనప్పుడు సిగ్గు కూడా తనకే ఎందుకు రావాలి? అతని గోళ్లు ఎప్పుడూ తెల్లగానే ఉండేవి.

బండి వచ్చిన ఆరో ఏడు చలికాలంలో ఆమెకు మళ్లీ నెల తప్పింది. కూతురు చంద్రకళకు అప్పటికి తొమ్మిదేళ్లు. ఏడో నెల చివర ఒక పొద్దున నడుము పట్టేసి నొప్పి మొదలైంది. వికారాబాద్ మిషన్ దవాఖానకు తీసుకుపోవాలని భీమమ్మ తొందర పెట్టింది. “పది గొట్టంగ పాసింజర్ ఉంది సేట్. రైల్ల అయితే కదలకుంట పండవెట్టుకొని పోవచ్చు.”

“నేను రైల్లనే పోతనండి” అంది కస్తూరమ్మ.

“బండి ఉండంగ రైలేందే? టేషన్ల నలుగురు చూస్తే నా ఇజ్జతేమైతది? గంట లోపల తీస్కపోత.”

ఆ బండికి మెత్తదనం లేదు. మైదానం మీద ఉరికే బండికి అక్కర్లేదేమో. రాయి తగిలితే ఆ రాయి ఆమె నడుములోనే తగిలింది. పొగ గొట్టం వేడి ఒక పక్క, నొప్పులు ఒక పక్క. కోట్‌పల్లి తొవ్వ దగ్గర ఎడ్లబండ్ల వరుస అడ్డం వచ్చింది. వాటి వెనక అరమైలు మెల్లగా పోయేసరికి బండి దగ్గి, ఎగిరెగిరి, ఆగిపోయింది. రాజేశం రెండుసార్లు హ్యాండిల్ తిప్పాడు. బానెట్ తెరిచి లోపలికి చూశాడు, బావిలోకి తొంగి చూసినట్టు. తర్వాత చెమట తుడుచుకుంటూ ఆమె వైపు వచ్చాడు.

“నువ్వే జర చూడు, కస్తూరీ. నాకు సమజైతలేదు.”

ఆమె చూసింది. బిడ్డ బతకాలంటే బండి కదలాలి. దిగింది. ఒక చేయి పొత్తికడుపు మీద పెట్టుకొని, మసిలే ఇంజను మీదికి వంగి, నాలుగు ప్లగ్గులూ విప్పింది. నొప్పి వచ్చినప్పుడు ఆగి బానెట్ అంచు కొరికినంత పని చేసింది, పోయాక మళ్లీ విప్పింది. మసి గీకి తిరిగి బిగించేసరికి వేళ్లు బొబ్బలెక్కాయి. కాళ్ల మీదుగా వెచ్చగా ఏదో జారుతోంది. అతను రోడ్డు పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్లకు కనపడకుండా తన పైపంచె అడ్డం పట్టాడు. సాయమని అనుకున్నాడో, పరువని అనుకున్నాడో.

మిషన్ దవాఖానలో ఆమె కళ్లు తెరిచేసరికి పొద్దు వాలుతోంది. పక్కన ఖాళీగా ఉంది.

“సచ్చి పుట్టిందట” అన్నాడు రాజేశం గోడ వైపు చూస్తూ. “సీటు మొత్తం కరాబైంది. తోలు గద, మరక పట్టుకుంది” అన్నాడు.

కస్తూరమ్మ దుప్పటిని పొత్తికడుపు మీదికి లాక్కుంది. బాలింత కనుక పక్షం రోజులు వికారాబాద్‌లోనే మేనత్త రామమ్మ ఇంట్లో ఉంది. రామమ్మ పిల్లల్లేని విధవరాలు, అప్పడాలు, వడియాలు చేసి అమ్ముకొని బతుకుతోంది. “ఉండరాదే ఇంకొన్నాళ్లు” అంది. కానీ చంద్రకళ తాండూరులో ఉంది. పదహారో రోజున కస్తూరమ్మ ఇల్లు చేరింది. మరుసటి పొద్దున పొయ్యి పక్కన నాలుగు ప్లగ్గులు వరుసగా పెట్టి ఉన్నాయి.

“నువ్వు లేక బండి మూలకు పడ్డది” అన్నాడు రాజేశం ప్రేమగానే.

ఆమె కాల్చి ఇచ్చింది. ఎందుకిచ్చానని తర్వాత ఎన్నోసార్లు తనను తాను అడిగింది. చేతులకు అలవాటు. నోటికి అలవాటు లేదు. కోపం అంటే ఆమెకు అప్పటిదాకా వచ్చి పోయేది. ఇప్పుడది పోలేదు. బియ్యం కడుగుతుంటే ఉంది, దీపం పెడుతుంటే ఉంది, అత్త కాళ్లు పిసుకుతుంటే వేళ్లలోనే ఉంది. “ఇంకొకడు పుడతడులే” అని అత్త ఓదార్చిన రోజున ఆమెకు ఒకటి తట్టింది. పుట్టింది ఆడో మగో కూడా తనకు ఎవరూ చెప్పలేదు. ఎక్కడ పెట్టారో చెప్పలేదు. రాజేశాన్ని అడిగితే, “గదంత దవాఖానోళ్లు చూసుకుంటరే. నాకేం తెలుసు?” అన్నాడు.

ఆ ఏడు పంద్రా ఆగస్టుకు తాండూరులో పెద్ద ఊరేగింపు పెట్టారు. ముందు రాజేశం బండి, దాని మీద జెండా, వెనక బడిపిల్లలు. ఆ పొద్దున కస్తూరమ్మ బండికి రోడ్డు మీద జోరుకు వాడే ప్లగ్గులే ఉండనిచ్చింది. ఊరివి మార్చలేదు. రాజేశం అడగలేదు. రెండు రకాలున్నాయని అతనికి గుర్తుంటే కదా.

గంటకు గనిలో పనిచేసే బీరన్న ఉరికొచ్చాడు. “అమ్మా, బండి నడి బజార్ల ఆగింది. సేట్ మిమ్ములను తోల్కరమ్మన్నడు.”

ఆమె పానా కొంగులో చుట్టుకొని పోయింది. బజారు నిండా జనం. జెండా పట్టుకున్న పిల్లలు ఎండలో నిలబడి ఉన్నారు, వాళ్లలో చంద్రకళా ఉంది. రాజేశం ఆమె చెవి దగ్గరికి వంగి, “జల్ది చూడు. నువ్వు బండికి పూజ చేయనీకె వచ్చినవని చెప్పిన” అన్నాడు.

కస్తూరమ్మ పానా అతని చేతిలో పెట్టింది.

“మీరే విప్పుండ్రి.”

“ఏందే?”

“నాలుగు ప్లగ్గులు. విప్పి, కడిగి, బిగియ్యాలె. గంతే.”

“నలుగుర్ల ఇజ్జత్ తీస్తవా?” అతను పానా ఎటు తిప్పాలో తెలియక చేతిలో అటూ ఇటూ మార్చుకుంటున్నాడు.

“కోట్‌పల్లి తొవ్వల నొప్పులు పడుకుంట నేను విప్పిన. నెత్తురు కారుతుంటె బిగించిన. ఇయ్యాల మీకు నొప్పులు లేవు గద.” ఆమె గొంతు తగ్గించలేదు. “ఏడేండ్లసంది గీ బండి లేపుతున్నది నేను. మీరు కూసుంటున్నరు.”

కస్తూరమ్మ కూతురి దగ్గరికి వెళ్లి తల నిమిరి, “భీమమ్మ తాన ఉండు బిడ్డ, వస్త” అని చెప్పి స్టేషన్ వైపు నడిచింది.

“ఎటు పోతున్నవే?” వెనక నుంచి రాజేశం కేక.

“నా బిడ్డను ఎక్కడ పెట్టిండ్రో అడగనీకె. మీరు అడగలె.”

మిషన్ దవాఖానలో నర్సు శాంతవ్వ ఆమెను చూడగానే గుర్తుపట్టింది. తెల్లచీర, నెరిసిన జుట్టు. ఏమీ అడగకుండా చేయి పట్టుకొని ప్రహరీ వెనక్కి తీసుకుపోయింది. సీతాఫలం చెట్ల వరుసలో ఒకచోట చిన్న గట్టు, చుట్టూ గులకరాళ్లు.

“ఆడపిల్ల, అమ్మా” అంది శాంతవ్వ. “మంచిగ జుట్టుండె.”

కస్తూరమ్మ ఆ మట్టి మీద అరచేయి పెట్టింది. “సచ్చే పుట్టిందా?”

శాంతవ్వ ఆమె భుజం మీద చేయి వేసింది. “సేట్ చెప్పలేదా? అర్ధగంట బతికింది అమ్మా. మీకు తెలివి లేకుండె. ఊపిరి అందుతలేదు, ఉండదని డాక్టరమ్మ చెప్పింది. తండ్రన్న ఒకపారి చేతిల పట్టుకోవాలె గదా అని నేనే బయటికి ఉరికిన. రెండుసార్లు పిలిచిన. ‘వస్తున్న, వస్తున్న’ అన్నడు. బకెట్ల నీళ్లు వెట్టుకొని సీటు కడుగుతుండె. నేను లోపటికి పోయి నా ఒళ్లెనే పెట్టుకున్న.”

కస్తూరమ్మకు ఏడుపు వస్తుందేమోనని శాంతవ్వ పక్కనే కూర్చుంది. రాలేదు. ఆమె మొహం చూసి శాంతవ్వ చేయి వెనక్కి తీసుకుంది.

“ఒక్కతే ఉండలేదన్నట్టు” అంది చివరికి కస్తూరమ్మ. “మీ ఒళ్లె ఉండె.”

“ఉండె అమ్మా.”

ఆమె లేచి చీర దులుపుకుంది. ఇక్కడి నుంచి రామమ్మ అత్త ఇల్లు రెండు సందుల అవతలే. ముందు అక్కడికి వెళ్లి, ఇద్దరికి చాప వేయమని చెప్పాలి.

“పొద్దుగూకక ముందు రైలు ఉంది. తాండూరు పోతరా అమ్మా?” అని అడిగింది శాంతవ్వ.

“పోత. ఆ ఇంట్ల నాకు ఇంకో బిడ్డ ఉంది. తోల్కొని వస్త.”