మిలటరీ వేషం

నేను సినిమాల్లో వేషాలు వేస్తున్నానట! మిలటరీ నుంచి సెలవు తీసుకున్నది నర్సింగ్ డిగ్రీ చదవడానికి, చేస్తున్నది మాత్రం ఫిల్మ్‌నగర్‌లో నటన అని నా మీద ఫిర్యాదు వచ్చిందని, ఆదివారం సుబేదారుగారు విచారణకి వస్తారని యూనిట్ నుంచి ఫోను. నిజమని తేలితే సెలవు రద్దు. సెలవు రద్దయితే చదువు అక్కడితో సరి. నా వయసువాడికి మళ్ళీ సీటు ఎవడిస్తాడు?

ఫోను పెట్టేసి, గది గుమ్మంలో నిలబడి బస్తీ మొత్తాన్నీ ఓసారి పరకాయించి చూశాను. ఎవడో చెప్పాడు. ఎవడు?

నా పేరు పరబ్రహ్మం. మాది శ్రీకాకుళం వైపు. మిలటరీ ఆస్పత్రిలో హవల్దారుని, నర్సింగ్ అసిస్టెంటుని. కట్లు కట్టడం, సూదులు వెయ్యడం, స్ట్రెచర్ మొయ్యడం అన్నీ పట్టా లేకుండానే చేశాను. పట్టా కూడా సంపాదిస్తానని అడిగితే మా కర్నలుగారు జీతంతో సెలవిప్పించారు. కాలేజీ బంజారాహిల్స్‌లో. దగ్గర కదా అని ఫిల్మ్‌నగర్ బస్తీలో శకుంతలమ్మగారింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

ఈ బస్తీలో పోలీసు డ్రెస్సులో కనిపించేవాడు పోలీసు కాడు. పొద్దున నల్లకోటు వేసుకుని వెళ్ళిన లాయరు సాయంత్రం ముష్టివాడి వేషంలోనే వచ్చి టీ తాగుతుంటాడు. నేనేమో రోజూ తెల్లబట్టల్లో కాలేజీకి వెళ్తాను, నెలకోసారి మిలటరీ యూనిఫాంలో సికింద్రాబాద్ వెళ్ళి హాజరు వేయించుకుని వస్తాను. చేరిన రోజే శకుంతలమ్మగారికి చెప్పాను, మిలటరీలో పనిచేస్తానండీ, నర్సింగ్ చదువుతున్నానండీ అని.

ఆవిడ నవ్వింది. "గీడికొచ్చినోళ్ళందరు ఏదో ఒకటి చెప్తరు బిడ్డా. ఫికర్ చెయ్యకు, నేనెవ్వరికీ చెప్ప."

ఆవిడా సినిమా మనిషే. పెళ్ళి సీన్లలో అక్షింతలు వేసే గుంపులో నిలబడుతుంది. నిజం చెప్పినా డైలాగే అనుకునే చోట ఇంకేం చెప్పను? ఊరుకున్నాను.

నా అనుమానం పక్కగది ఓదెలు మీద. ఫైటు సీన్లలో తన్నులు తినడం వాడి పని. నా యూనిఫాం మీద వాడికి మొదటినుంచీ ఓ కన్ను. "అన్నా, ఏ కంపెనీల ఇచ్చిండ్రే గీ డ్రెస్సు? అచ్చం అసలుదాని లెక్కనే ఉన్నది" అని చొక్కా అంచు పట్టి చూసేవాడు. నిలదీద్దామని వెళ్ళి, "ఓదెలూ, నా గురించి ఎవరికైనా..." అంటుండగానే, "నేను గాదన్నా!" అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే అనుకున్నాను. ఆ రోజు నుంచి వాడితో మాటల్లేవు. యూనిఫాం పెట్టెలో పెట్టి తాళం వేశాను. టీకొట్టు దగ్గర ఇద్దరు కలిసి నవ్వుకుంటే నా గురించే అనిపించేది. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు.

ఆదివారం సుబేదారు మల్లికార్జున్‌గారు మామూలు బట్టల్లో వచ్చారు. గుబురు మీసం, గంభీరమైన మొహం. నేను సెల్యూట్ చేసేలోపే శకుంతలమ్మగారు చేతులు తుడుచుకుంటూ ఎదురెళ్ళింది.

"వచ్చిండ్రా సార్! ఏమాయె, మావోనికి వేషం ఖాయమైనట్టేనా?"

సుబేదారుగారు నావైపు తిరిగారు. "ఫిర్యాదు రాసింది నేనే. పోయిన వారం నీ అడ్రసు సరిచూద్దామని వచ్చాను. నువ్వు లేవు. ఈవిడ చెప్పింది, మిలటరీ వేషం వేస్తే అచ్చం మిలటరీవాడిలాగే ఉంటావట."

ఆ మీసం చూసి ఆయన్ని సినిమా మేనేజరనుకుందావిడ!

"ఎంత పని చేశారమ్మా!" అని అరిచాను.

"ఏందట్లంటవ్? నీ మంచికే చెప్పిన. ఇంత పనిమంతుడు చిన్న వేషాలతోటే ఉండిపాయెనని నా పాణం కొట్టుకునేది."

పాపం ఓదెలు! బస్తీలో ఏం జరిగినా ముందు తననే అడుగుతారని, అలవాటుగా కాదన్నాడేమో. వాడి మొహం ఎలా చూడాలో తెలియలేదు.

"రోజూ ఇంట్లో రిహార్సలు చేస్తాడని కూడా అన్నారుగా?" సుబేదారుగారు వదల్లేదు.

"చేస్తడు సార్, మా ఆయనతోటే" అంటూ ఆవిడ లోపలికి దారి తీసింది.

ఆవిడ భర్త బాలనర్సయ్యగారికి పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట రాదు, మంచం మీదే ఉంటారు. శకుంతలమ్మగారు నా యాస పెట్టి మరీ చెప్పింది. "పొద్దుగాల ఒకసారి, పొద్దుమూకినంక ఒకసారి వస్తడు. 'బాబాయిగారూ, ఇప్పుడు మిమ్మల్ని పక్కకి తిప్పుతున్నానండీ, నా చెయ్యి చల్లగా ఉంటుంది, సరేనా?' అని డైలాగు చెప్తడు. ఈయన తల ఊపినంకనే ముట్టుకుంటడు. రోజు గదే డైలాగు, ఒక్క మాట తప్పడు."

"సాబ్, అది డైలాగు కాదు" అన్నాను. "కాలేజీలో నేర్పారు. రోగిని ముట్టుకునే ముందు చెప్పాలి, ఆయన సరే అన్నాకే ముట్టుకోవాలి. మన వార్డుల్లో మనం ఏనాడైనా అలా చెప్పామా? మొదట్లో నాకు నోరు తిరగలేదు. అలవాటు చేసుకుంటున్నాను."

"మాట రాని మనిషిని అడగడమేంటయ్యా? కథలు చెప్పకు." సుబేదారుగారు కూడా వార్డుల్లో తల పండినవారే. "నిజంగా సేవ చేస్తున్నావో, నటిస్తున్నావో ఆయన వీపే చెప్తుంది. పడుకుని పడుకుని పుళ్ళు పడ్డాయేమో చూస్తాను."

అంటూనే భుజం కింద ఒక చెయ్యి, నడుం కింద ఒక చెయ్యి వేసి ఒక్క ఊపులో తిప్పబోయారు. చెయ్యి తిరిగినవారే. కానీ బాలనర్సయ్యగారు బిగుసుకుపోయారు. ఎడమచేత్తో మంచంపట్టె గట్టిగా పట్టుకున్నారు. గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది.

శకుంతలమ్మగారు సుబేదారుగారి చెయ్యి విదిలించి కొట్టింది. "ఏందయ్యా నువ్వు! చెప్పకుండనే ముట్టుకుంటవా? బర్రెను తిప్పినట్టు తిప్పుతవా? ఆయన మనిషి గాదా? మా పిలగాడు ఒక్కనాడన్న గిట్ల చేసిండా?"

సుబేదారుగారు చేతులు వెనక్కి తీసుకున్నారు. తర్వాత మంచం పక్కన గొంతుక్కూర్చుని, కొత్తగా మాటలు నేర్చుకునేవాడిలా తడుముకుంటూ అన్నారు. "బాబాయ్, నేను మల్లికార్జున్‌ని. మీ వీపు చూడాలి. తిప్పమంటారా?"

బాలనర్సయ్యగారు ఆయన్ని నమ్మలేదు. నావైపు చూశారు. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాక తల ఊపారు.

వీపు శుభ్రంగా ఉంది. సుబేదారుగారు దుప్పటి సరిచేసి లేచారు.

"పరీక్షలెప్పుడు?"

"వచ్చే నెల, సాబ్."

"రాసెయ్."

ఆయన వెళ్ళిపోయారు. శకుంతలమ్మగారు మాత్రం గుమ్మంలోనే నిలబడి నన్ను ఎగాదిగా చూస్తోంది, మొదటిసారి చూస్తున్నట్టు.

"అయితే గిదంతా వేషం కోసం కాదా?"

"కాదమ్మా."

"గిన్నొద్దులు ఉత్తగనే చేసినవా, ఆయన కోసం?"

తల ఊపాను.