గేరు పడాలె

జనగామలో సూర్యాపేట రోడ్డు మీద కనకయ్య షెడ్డు పొద్దున ఏడున్నరకు తెరుచుకునేది. ముప్పై ఏళ్లుగా ఆ షెడ్డులో గేర్‌బాక్సుల పని తప్ప ఇంకో పని జరగలేదు. షట్టరు ఎత్తి, సామాన్లు బయట సర్ది, కనకయ్య చేతులు కడుక్కునేవాడు. కుడి చెయ్యి నల్లా కింద కడిగేవాడు. ఎడమ చేతిని మాత్రం మణికట్టు దగ్గర పట్టుకొని మూడు చుట్లు తిప్పి, ఊడదీసి, సర్ఫు నీళ్ల టబ్బులో నానేసేవాడు.

"నిన్న తీస్కపోయినోడు గుట్కా నమిలేటోడు లెక్కున్నడు. వేళ్లన్ని ఎర్రగ చేసిండు," అంటూ భార్య వెంకటనర్సమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఆ చేతిని పాత బ్రష్షుతో రుద్దేది. "మనిషి చెయ్యి అని గూడ సూడరు. ఛీ."

"రుద్దు గని, బొటనవేలు కాడ జర మెల్లగ. ఆడ నొస్తది," అనేవాడు కనకయ్య, పది అడుగుల దూరంలో కూర్చొని చాయ్ ఊదుకుంటూ.

ఆ చెయ్యి ఊరందరిదీ. డ్రైవింగు నేర్చుకునేవాళ్లు, కొత్తగా బండి కొన్నవాళ్లు, గేరు మొరాయిస్తే దిక్కుతోచనివాళ్లు వచ్చి, పక్కింట్లో నిచ్చెన అడిగినట్టు అడిగి, తువ్వాలలో చుట్టుకొని తీసుకుపోయేవాళ్లు. గేరు రాడ్డు మీద వాళ్ల చెయ్యి, దాని మీద కనకయ్య చెయ్యి. ఎంత మొండి గేరైనా చప్పుడు లేకుండా దిగేది. సాయంత్రానికి తెచ్చిచ్చేవాళ్లు. కడిగి ఇచ్చేవాళ్లు తక్కువ.

పదకొండేళ్లప్పుడు కనకయ్య లారీ మీద క్లీనరుగా చేరి గేరు వేయడం నేర్చుకుంటుంటే, అది గీరుకున్నప్పుడల్లా డ్రైవరు పానాతో ఆ మణికట్టు మీదే కొట్టేవాడు. ఆ దెబ్బల్లో నేర్చుకున్న సంగతి ఒక్కటే. దాన్నే కనకయ్య అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు.

"గేరు ఏసుడు కాదురా, పడాలె. లారీ గేరు భూమిల పాతిన గుంజ పీకినట్టుంటది. ఇంటి కార్ల గేరు అంబలిల గంటె తిప్పినట్టుంటది. గట్టి ఇంజను పెట్టిన స్పీడు కారు ముచ్చట వేరే. టేకు తలుపుకు మంచి గొళ్లెం ఉంటది సూడు, ఎంత జరపాలెనో అంతే జరుగుతది, ఆడ టక్కున కూసుంటది. గట్ల పడాలె. రెప్ప కొట్టేలోపట పడకపోతే ఆ ఇంజను ఎంత పెద్దదైతేంది, ఎవనికి కావాలె?"

వినేవాడు ఎవడున్నాడు? సైలెన్సరు కోసి తుపాకీ పేలినట్టు చప్పుడు చేయించుకునే పోరగాళ్లు, గేరు మీద మెరిసే అల్యూమినియం గుండు పెట్టించుకొని దాన్నే పనితనం అనుకునేవాళ్లు. వాళ్లను చూస్తే కనకయ్య థూ అని ఉమ్మేవాడు. అయినా చెయ్యి అడిగితే లేదనేవాడు కాదు.

ఆ గురువారం చెయ్యి తీసుకుపోయింది యుగేందర్. హైదరాబాదు నుంచి పాత స్పీడు కార్లు తెచ్చి, రంగులేసి, నెహ్రూ పార్కు అవతల అమ్మేవాడు. కొత్తగా ఇద్దరు డ్రైవర్లు వచ్చారని, వాళ్లకు నేర్పాలని చెప్పి తీసుకుపోయి, మధ్యాహ్నానికి తిరిగి ఇచ్చాడు. కడిగి, పౌడరు కూడా అద్ది ఇచ్చాడు. అక్కడే కనకయ్యకు అనుమానం రావాల్సింది.

చెయ్యి బిగించుకుంటే అది తిరిగొచ్చిన దారంతా కనకయ్యకు ఎక్కేది. పట్టుకున్న రాడ్డు, తన కిందున్న అరచెయ్యి, లోపల పళ్లు పళ్లు కలిసిన తీరు, అన్నీ మోచేతి గుండా పైకొచ్చి నాలుక మీద రుచిలాగా కూర్చునేవి. ఆ రోజు మూడో చుట్టు బిగిసిందో లేదో, ఆయన షెడ్డు వెనక్కి పరుగెత్తి భళ్లున కక్కుకున్నాడు.

"ఏమైందయ్యా? ఏం తిన్నవు?" అని వెంకటనర్సమ్మ వీపు రాసింది.

"నేనేం తినలే. నా చేతితోని తినిపించిండు, లంగనాకొడుకు."

చెయ్యి మోసుకొచ్చింది డ్రైవర్ల చేతుల్ని కాదు, కొనడానికి వచ్చినవాళ్ల చేతుల్ని. ఒక మెత్తని చెయ్యి, ఒక చెమట చెయ్యి, చివరగా ఒక ఆడపిల్ల చెయ్యి, కాయలు కాసింది. వాళ్ల చేతుల మీద తన చెయ్యి పెట్టి ఎర్ర కారును నడిపించారు. ఆ కారు గేర్‌బాక్సులో ప్రాణం లేదు. రెండు గేర్లు కలిసే ముందు వాటిని ఒక్క వేగానికి తెచ్చే ఇత్తడి రింగులు మూడో గేరుకూ రెండో గేరుకూ అరిగిపోయాయి. బేరింగు ఏడుపు వినపడకుండా చిక్కటి నూనెలో రంపపు పొట్టు కలిపి పోశారు. ఆ పెంటనంతా తన చెయ్యి సర్దుకొని, బుజ్జగించి, చప్పుడు లేకుండా గేరు దింపింది. కింద ఉన్న ఆడపిల్ల చెయ్యి మురిసిపోయింది. కొన్నది కూడా ఆ పిల్లే.

కనకయ్య తువ్వాల భుజాన వేసుకొని పోయేసరికి యుగేందర్ కూలరు ముందు కూర్చొని ఫోను చూస్తున్నాడు.

"నా చేతితోని పెంట ఎత్తించినవేందిరా?"

"కాకా, కూసో. సల్లని మజ్జిగ తాగు. ఏమైంది?"

"ఎర్ర కారు."

యుగేందర్ నవ్వాడు. "గేరు పడ్డదా లేదా? నువ్వే అంటవు కదా, పడాలె అని. పడ్డది, కొన్నది. ఇండ్ల అబద్ధం ఏడున్నది? ఉన్నది ఉన్నట్టు తీసుకుంటున్న అని సంతకం గూడ పెట్టింది. నీ చెయ్యి ఉంటే జనాలకు గదో నమ్మకం కాకా. నీకు మంచి పేరే కదా."

"థూ! నీ పేరు నాకెందుకురా? ఆ పిల్ల ఎవరు?"

"మరిపెడ కాడ తండా. సంగీత. మిర్చి ట్రాలీ నడిపేది. ఆదివారం భూపాలపల్లి అడవి రోడ్డు మీద రేసున్నదట, దాంట్ల నడుపుతదట. రేసు!" మళ్లీ నవ్వాడు.

కనకయ్యకు నవ్వు రాలేదు. అడవి రోడ్డులో మలుపు ముందు మూడు నుంచి రెండుకు దించేటప్పుడు ఆ గేరు పడకపోతే, కారు న్యూట్రల్‌లో గాలికి తేలిపోయి ఏ చెట్టును వెతుక్కుంటుందో ఆయనకు తెలుసు.

శుక్రవారం పొద్దున మొదటి బస్సుకే పానాల సంచీ, రెండు డబ్బాల మంచి నూనె పట్టుకొని బయల్దేరాడు. మరిపెడలో దిగి ఆటో మాట్లాడుకొని తండా చేరేసరికి, ఎర్ర కారు ఇంటి ముందు పెండ్లి పిల్లలాగా నిలబడి ఉంది. బానెట్టు మీద పసుపు బొట్టు. సంగీత దాని అద్దాలు తుడుస్తోంది. ఇరవై నాలుగేళ్లుంటాయి.

"నేను కనకయ్యను బిడ్డా. జనగామ."

పిల్ల ముందు ఆయన ఎడమ చేతిని చూసింది, తర్వాత మొహం. రెండు చేతులా ఆ చెయ్యి పట్టుకుంది. "తాతా! ఏం పడ్డయి గేర్లు! వెన్నల వేలు దిగినట్టు. యాడి, గా తాత వచ్చిండు సూడు!" అని తల్లిని కేకేసింది.

తల్లి, పేరు నీలి, చెంబుతో నీళ్లు తెచ్చింది. కనకయ్య తాగలేదు. కారు కింద దూరి, గేర్‌బాక్సు అడుగు బోల్టు విప్పి, కింద పాత బేసిను పెట్టాడు. నూనె కారలేదు. జొన్న గటకలాగా ముద్దలు ముద్దలుగా జారింది. కాలిన వాసన. మధ్యలో రంపపు పొట్టు, దాంట్లో ఇత్తడి నలుసులు మెరుస్తున్నాయి.

సంగీత వేలు ముంచి, వాసన చూసి, దూరంగా విదిలించింది.

"నేను నాలుగేండ్లు ట్రాలీ నడిపిన గీ ముద్దకా?"

"బిడ్డా, వాడు నాకు..."

"గేరు నచ్చి కొనలే తాతా. నీ చెయ్యి ఉన్నదని కొన్న. అందరు చెప్పిన్రు, కనకయ్య చెయ్యి పెట్టిన కారుకు తిరుగులేదని."

కనకయ్య బేసిను పక్కన అట్లాగే కూర్చుండిపోయాడు. పానా దెబ్బలు తిన్ననాడు కూడా ఆయన అంత చిన్నబోలేదు.

నీలి అంది, "రేసంటే ఇంట్ల అందరు వద్దన్నరు. నేనొక్కదాన్నే పో బిడ్డా అన్న. బాగా నడిపితే కోయంబత్తూరు దిక్కు టీమోళ్లు కొలువిస్తరట. ఇప్పుడు దాన్ని పొమ్మననా, వద్దననా? నువ్వే చెప్పు అయ్యా."

రింగులు హైదరాబాదు నుంచి రావాలంటే పది రోజులు. రేసు ఎల్లుండి. కనకయ్య ఆలోచించి, మణికట్టు తిప్పడం మొదలుపెట్టాడు. "ఇగో, చెయ్యి తీస్కపో. రేసుల నీ చేతి మీద ఇదుంటే ఎట్లనన్న దింపుతది."

"వద్దు."

"ఎందుకే?"

"ఇది మీదుంటే నాకు కారు తెలుస్తలేదు తాతా. నీ చెయ్యే తెలుస్తది. గట్లనే కదా మోసపోయిన. మలుపు కాడ నా చేతికి తెలవాలె గని నీ చేతికి తెలిస్తే నాకేం లాభం?"

ఇన్నేళ్లలో ఆ చేతిని వద్దన్నవాళ్లు లేరు. కనకయ్య ఊడిన చేతిని ఒళ్లో పెట్టుకొని దానివైపే చూశాడు. తర్వాత లేచాడు.

"అయితే తిరగేద్దాం. ఇది కింద, నీది పైన. నువ్వు చెప్పు, ఇది వింటది."

మంచి నూనె పోసి, మరిపెడ నుంచి మహబూబాబాద్ పోయే రోడ్డు ఎక్కారు. పొట్టు పోయింది గనుక గేర్‌బాక్సు ఇప్పుడు దాపరికం లేకుండా ఏడ్చింది. కనకయ్య చెయ్యి గేరు గుండును పట్టుకుంది, దాని మీద సంగీత చెయ్యి. కనకయ్య పక్క సీట్లో, తువ్వాల చుట్టిన మొండి మణికట్టుతో.

"క్లచ్చు తొక్కు. న్యూట్రల్‌కు తే. క్లచ్చు ఇడువు. జర రేసియ్యి, ఇంజను గొంతు లేస్తది, ఇను. మళ్ల తొక్కు. ఇప్పుడు... ఏయకు! ఏస్తున్నవు! పడనియ్యి!"

కర్ర్.

"ఏందే, మిర్చి మర పట్టిస్తున్నవా?"

"నువ్వే కదా చెప్పమన్నవు, చెప్తున్న!"

"గట్ల చెప్తే నా వేళ్లు ఊడుతయ్. మళ్ల."

శుక్రవారం పొద్దు గూకేదాకా కర్ర్ మనే చప్పుడే. రోడ్డు పక్క మిర్చి ఏరే ఆడవాళ్లు నవ్వారు. శనివారం మధ్యాహ్నానికి చప్పుడు అప్పుడప్పుడు, ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి. ఒకచోట గేదెలు అడ్డం వస్తే సంగీత నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు దించి, పక్కకు తప్పించి, మళ్లీ మూడు వేసింది. కనకయ్య కిందికి చూశాడు. ఆయన చెయ్యి గుండు మీద లేదు. ఎప్పుడు జారిందో, ఆయన కాళ్ల దగ్గర చాప మీద వెల్లకిలా పడి ఉంది. పిల్ల చూసుకోనేలేదు.

"తాతా, పడ్డది," అంది సంగీత.

"ఆఁ. పడ్డది."

సాయంత్రం చెయ్యి బిగించుకున్నాడు. ఒక చుట్టు, రెండు, మూడు. ఏమీ రాలేదు. రెండు రోజుల రోడ్డు రాలేదు, పిల్ల అరచెయ్యి రాలేదు, నాలుక మీద ఏ రుచీ లేదు. చెయ్యి చల్లగా, కొత్తగా, కూలి చేసిన గుర్తే లేనట్టుంది. కనకయ్య దాన్ని జేబులో పెట్టుకొని నీలి పెట్టిన రొట్టె తిన్నాడు.

ఆదివారం భూపాలపల్లి అవతల అడవి మలుపులో తాడు వెనక జనంతో పాటు నిలబడ్డాడు. కార్లు ఒక్కొక్కటే వచ్చాయి. హైదరాబాదు పిల్లలవి, కొత్తవి, టోపీలు, స్టిక్కర్లు. ఒక్కడికి కూడా గేరు పడలేదు. అందరూ గేరును గుద్దుతున్నారు, కారు ముక్కు కిందికీ పైకీ ఊగుతోంది. అంత మంచి గొళ్లెం లాంటి గేర్‌బాక్సులు వాళ్ల చేతుల్లో పడి ఏడుస్తుంటే కనకయ్య మొహం తిప్పుకున్నాడు. అప్పుడు ఎర్ర కారు వచ్చింది. మలుపు ముందు ఇంజను గొంతు అరవీసం లేచింది, ఆగింది. కారు ఊగలేదు. చక్రాల కింద కంకర తప్ప ఏ చప్పుడూ లేదు. పక్కనున్నవాళ్లు ఈలలు కూడా వేయలేదు, వాళ్లకు ఏమీ జరిగినట్టు అనిపించలేదు మరి.

సంగీత రెండో స్థానంలో వచ్చింది. కోయంబత్తూరు టీము మనిషి కారు చుట్టూ తిరిగి, గేరు తనే వేయబోతే అది కర్ర్ మంది. ఇంకో రెండుసార్లు ప్రయత్నించి, చెయ్యి తీసేసి, పిల్లను చూశాడు. "దీంతోనా నడిపినవ్?" అని, వచ్చే నెల ఒకటో తారీఖుకు కోయంబత్తూరు రమ్మన్నాడు.

సోమవారం కనకయ్య షెడ్డులోంచి ఒక కారును వెనక్కి తీయబోతే, ఎదురుగా చాయ్ హోటల్లో ఉన్నవాళ్లంతా లేచి నిలబడేంత చప్పుడు చేసింది గేరు.

వెంకటనర్సమ్మ షెడ్డు వెనకున్న వంటింట్లోంచి ఉరికొచ్చింది. "ఏందది? నీ చేతి కిందనా?"

"ఇచ్చేసొచ్చిన."

"చెయ్యి ఉన్నది కదా?"

"చెయ్యి ఉన్నది."

ఆమె ఆ చేతిని పట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, కొంగుతో తుడిచింది.

పదకొండింటికి యుగేందర్ వచ్చాడు, గురువారం ఏమీ జరగనట్టే. నల్ల కారొకటి వచ్చిందట, చూడటానికి ఒక సారు వస్తున్నాడట. "ఒక్క గంట కాకా. కోపం పోయిందా? పెద్దమనిషివి, నీకు కోపమేంది."

వెంకటనర్సమ్మ చీపురు అందుకుంది. కనకయ్య ఆమెను ఆగమని, మూడు చుట్లు తిప్పి, చెయ్యి ఊడదీసి ఇచ్చాడు. "తీస్కపో."

నెహ్రూ పార్కు అవతల నుంచి మొదటి చప్పుడు వినపడేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఫస్టుకు ఒకటి, సెకండుకు ఒకటి. మూడోది రైలు గేటు దాకా వినపడింది. ఆ గేర్‌బాక్సులో ఉన్నదంతా ఉన్నట్టు బయటికి అరిచింది. దాన్ని కప్పడానికి ఆ చేతిలో ఇప్పుడు ఏమీ లేదు.

యుగేందర్ చేతిని తెచ్చి బల్ల మీద విసిరేశాడు. "ఇది పని మరిచిపోయింది. దండగ చెయ్యి!"

కనకయ్య దాన్ని తీసి, దుమ్ము దులిపి, బిగించుకున్నాడు. ఖాళీగానే ఉంటుందనుకున్నాడు. కానీ మూడో చుట్టు బిగిసేసరికి, సన్నగా, ఒక్కటంటే ఒక్కటి పైకొచ్చింది: నల్ల కారు చూడొచ్చిన సారు అరచెయ్యి, చెమటతో తడిసింది, గేరు గుండును ఒక్కసారి గట్టిగా పట్టుకొని, వదిలేసి, కారు దిగడానికి తలుపు పిడి వైపు పోయింది.