నులక కోసిన మంగళవారం

మా వాగు ఒడ్డున గన్నేరు పెరిగినంత ధారాళంగా ఇంకేదీ పెరగదు. మేక ముట్టదు, గాడిద ముట్టదు. పొయ్యిలో పెడితే ఆ పొగకే రొట్టె విషమవుతుందని ఒక్క పుల్ల కూడా వంటింటి గడప దాటనివ్వం. అలాంటి కొమ్మలతోనే కుర్చీలు చేసుకుని బతుకుతున్నాం మేము. అందుకే మా ఊళ్ళో ఊగిపోయే కుర్చీ అంత పనికిమాలిన వస్తువు ఇంకోటి లేదు. వంటచెరుకుగా కూడా పనికిరాదు మరి.

మగవాళ్ళు కొమ్మలు కొట్టి చట్రం బిగిస్తారు. ఆడవాళ్ళు పొట్టి ఈతాకు నానబెట్టి, నులక పేని, సీటు అల్లుతారు. ఈ వాటాలు ఎవరు వేశారో నాకు తెలియదు గానీ, కాపురానికి వచ్చిన నాటినుంచి ఇరవై రెండేళ్ళు నేను నులకే అల్లాను. మా ఆయన బీహీ కుర్చీలకూ నేనే, మా మరిది హెమ్మూ కుర్చీలకూ నేనే. హెమ్మూ పెళ్ళాం తివాచీలు నేస్తుంది, ఈతాకు వాసన ఆవిడకు పడదట.

బాదంకాయలు రాలే రోజుల్లో బీహీ కొమ్మల మోపుతో సహా కంచరగాడిద మీదనుంచి వాగులో పడ్డాడు. కుడి భుజం విరిగింది. ఎముకలు కట్టేవాడు వచ్చి రెల్లు బద్దలు వేసి కట్టి, నలభై రోజులు చెయ్యి కదిపితే నా దగ్గరికి రావద్దని చెప్పి పోయాడు.

మంగళవారం సంతలో పిండిమర గోడ కింద చోటు మా మామగారి కాలం నుంచీ మాది. మధ్యాహ్నం దాకా నీడ, దారిన పోయే ప్రతివాడి కళ్ళూ పడే చోటు. అది వరసగా మూడు సంతలు ఖాళీగా ఉంటే ఇంకొకరికి ఇచ్చేస్తారు. అది పోతే మేము గాడిదలు కట్టే చోట కూర్చోవాలి. అక్కడికి గాడిదలు తప్ప ఎవరూ రారు.

మొదటి సంత ఖాళీగా పోయిందో లేదో హెమ్మూ పంచదార దిమ్మ పట్టుకుని పరామర్శకు వచ్చాడు. అన్న భుజం గురించి అరగంట బాధపడి, మూడో గ్లాసు టీ దగ్గర అసలు విషయానికి వచ్చాడు. ఆ చోట తను కూర్చుంటాడట, ఇంట్లో చోటు ఇంట్లోనే ఉంటుందట. ఒకసారి కూర్చున్న హెమ్మూని లేపేవాడు ఈ లోయలో పుట్టలేదు. కుర్చీలు నేను చేస్తానన్నాను.

హెమ్మూ పగలబడి నవ్వాడు. "చట్రమంటే నులక అల్లడం కాదు వదినా. భుజాలుండాలి."

"భుజాలున్న మీ అన్న అదిగో, చాప మీద ఉన్నాడు," అన్నాను.

వాడు ముఖం మాడ్చుకుని తిన్నగా మా పనివాళ్ళ పెద్ద యహ్యా మామ దగ్గరికి పోయాడు. ఆడదాని చట్రం సంతకెక్కితే మన పరువేం కావాలని మొత్తుకున్నాడట. యహ్యా మామ ఒక్కటే కబురు పంపాడు. మూడో మంగళవారం కుర్చీ తెమ్మను, నిలబడితే చోటు ఇజ్జాదే అని. ఇజ్జా అంటే నేనే.

నాకు భయం వేయలేదు. నులక లాగేటప్పుడు చట్రం బండారమంతా చేతికి తెలుస్తుంది. మా వాళ్ళు సంత తోసుకొస్తోందని కాళ్ళూ అడ్డకర్రలూ ఒకే రోజు కొట్టి, పచ్చిగానే బిగించేస్తారు. అన్నీ కలిసి ఆరతాయి, అన్నీ కలిసి సన్నబడతాయి, బెజ్జాలు వదులవుతాయి. ఎప్పుడైనా నిరుటి అడ్డకర్రలు పచ్చి కాళ్ళల్లో దిగితే మాత్రం నేను ఎంత లాగినా కీచుమనేది కాదు. పచ్చి కాలు ఆరుతూ లోపలి ఎండుకర్రను కరిచి పట్టుకుంటుంది. ఒకసారి ఈ మాట బీహీకి చెబితే, చట్రం నాది, నులక నీది అన్నాడు. సరే, నాదేం పోయిందని, వదులు చట్రాలన్నిటినీ నులకతోనే బిగించుకుంటూ వచ్చాను.

అడ్డకర్రలను రొట్టెల పొయ్యిలో ఆరబెట్టలేను కదా. ఊరందరూ స్నానాలకు పోయే హమ్మామ్‌లో నీళ్ళు కాచే అతన్ని బతిమాలి, బాయిలర్ పైనున్న అటక మీద ఎనిమిది రోజులు పెట్టాను. తీసేసరికి గంటల్లా మోగాయి. అప్పుడు పోయి పచ్చి కాళ్ళు కొట్టుకొచ్చి, బరమాతో బెజ్జాలు వేసి, కొయ్యసుత్తితో దిగ్గొట్టాను. బీహీ చాప మీదనుంచి అన్నీ చూశాడు. బెజ్జం మరీ బిగువు, కాలు చీలుతుంది అన్నాడు ఒకసారి. చీలదన్నాను. ఒకటి చీలింది. దాన్ని ఆయన కంట పడకుండా గోడవతల పారేశాను.

మూడో మంగళవారం గోడ కింద నా కుర్చీ, పక్కన పోటీకి హెమ్మూ కుర్చీ పెట్టారు. కసాయి బెల్ఖీర్ ఒక్కో దాని మీదా కూర్చుని ముందుకూ వెనక్కూ ఊగాడు. రెండూ నిలబడ్డాయి.

"రెండూ ఒకటేగా మామా. చోటు మగాడికివ్వు," అన్నాడు హెమ్మూ.

యహ్యా మామ తన కుర్చీలో కూర్చునే జేబులోంచి కత్తి తీశాడు. "ఈ రెండింటికీ నులక ఎవరు అల్లారు?"

"నేనే," అన్నాను.

"అయితే మనం చూసింది చట్రాన్ని కాదు, ఇజ్జా నులకని. కోసి చూద్దాం."

రెండు రోజుల అల్లిక చర్రున తెగింది. అప్పుడు వేసింది నాకు భయం. నా కుర్చీ గురించి కాదు. యహ్యా మామ కూర్చున్నది బీహీ చేసిన కుర్చీ. ఆ చట్రం ఎంత వదులో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

పలక అడ్డం వేసి బెల్ఖీర్‌ని మళ్ళీ కూర్చోమన్నారు. హెమ్మూ కుర్చీ సగం బరువుకే నాలుగు కాళ్ళూ చాపేసింది, కసాయి దుమ్ములో పడ్డాడు. నా కుర్చీ మాత్రం, అతను రెండు కాళ్ళ మీదికి వాల్చి ఊగినా కిక్కురుమనలేదు.

హెమ్మూకి కడుపు మండింది. "మరి మా అన్న చేసిందో? నువ్వు కూర్చున్నదాన్నీ కొయ్యి మామా."

సంతంతా ఇటే చూస్తోంది. యహ్యా మామ నా ముఖంలోకి ఒక్క క్షణం చూశాడు. కత్తి మడిచి జేబులో వేసుకుని, ఇంకాస్త వెనక్కి జారి కూర్చున్నాడు.

"ఇది పదిహేనేళ్ళుగా నన్ను మోస్తోంది. దీనితో నాకే పేచీ లేదు. చోటు ఇజ్జాది."

ఇంటికి రాగానే బీహీ అడిగాడు, నులకతో చూశారా, కోసి చూశారా అని. అబద్ధం చెప్పవచ్చు. కోసే అన్నాను.

"నాది?"

"యహ్యా మామ దాని మీదనుంచి లేవలేదు."

బీహీ తన భుజం కట్టు సర్దుకున్నాడు. "నాకు ఎప్పటినుంచో తెలుసు ఇజ్జా," అన్నాడు. "ఒప్పుకోవడానికే భుజం విరగాల్సి వచ్చింది." నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

ఆ పై మంగళవారం వద్దంటున్నా వినకుండా నాతో సంతకొచ్చాడు. నులక కొసను కాలివేళ్ళ మధ్య పట్టి, ఎడమచేత్తో లాగుతూ, గోడ కింద కూర్చుని ఒక సీటు అల్లాడు. దారిన పోయే ఒకాయన ఆగి, ఈ కుర్చీ ఎవరి పని అని అడిగాడు.

"చట్రం ఆవిడది. సీటు నాది, అందుకే కాస్త వదులు," అన్నాడు బీహీ.

నిజంగానే వదులు. చట్రం నాది కదా, ఆగుతుందిలే అని విప్పకుండా అలాగే అమ్మేశాను.