ఇష్టపడి రాసిన ఉత్తరం

"కాలర్ మళ్ళీ ముడతలే. ఏం చేస్తున్నావోయ్ పొద్దుట్నుంచీ?" అంటూ భర్త చొక్కాను ఇస్త్రీ బల్ల మీద పడేసి వెళ్ళేసరికి, ఆమె చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని కూతురికి జడ వేస్తోంది. ఫోన్లో యూనివర్సిటీ రిజిస్ట్రార్. "లాయరమ్మా, చిన్న పని. ఆ లెక్చరర్ ఫైలు మీద పదకొండింటికల్లా మీ సంతకం పడిపోతే నోటీసు పంపించేస్తాను."

చిన్న పని. ఆ మాట వింటే ఆమెకు ఒళ్ళు మండుతుంది. ఇంట్లో అన్నీ చిన్న పనులే మరి. చొక్కా చిన్న పని, జడ చిన్న పని, అత్తగారికి వేళకి మందులివ్వడం మరీ చిన్న పని. "ఊరందరి ఉద్యోగాల గొడవలూ తీరుస్తుంది కానీ, ఇంట్లో గ్లాసు తీసి అక్కడ పెట్టమంటే మాత్రం సెక్షన్లు గుర్తొస్తాయి మా ఆవిడకి" అని భర్త ఓసారి పదిమందిలో అంటే అందరూ పడీపడీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలా నవ్వినందుకు తన మీద తనకు ఇప్పటికీ కోపమే.

యూనివర్సిటీలో ఆమె గది మెట్ల కింద ఉంటుంది. ఒకప్పుడు అందులో కాగితాల కట్టలు పెట్టేవారు. ఉద్యోగుల తగాదాలు కోర్టుకెక్కకుండా చూడటం ఆమె పని. ఎవర్ని తీసేయాలన్నా నోటీసు ఎడమ మూలలో ముందు ఆమె పొట్టి సంతకం పడాలి, అది లేనిదే రిజిస్ట్రార్ కలం మూత తియ్యడు. ఎవరికీ కోపం రాకుండా ఉద్యోగం పీకేసే భాష ఆమెకు బాగా వచ్చని పై అంతస్తులో పేరు. ఆ పేరు విని మురిసిపోయిన రోజులూ లేకపోలేదు.

ఫైలు తెరిచింది. కెమిస్ట్రీ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. నాలుగేళ్ళుగా ప్రతి రిపోర్టులోనూ మెచ్చుకోళ్ళే. నాలుగో తారీఖున ప్రసూతి సెలవు అడిగింది. ఐదో తారీఖున 'బోధన సంతృప్తికరంగా లేదు' అని కొత్త రిపోర్టు. సెలవు అడిగిన మర్నాటికల్లా పాపం ఆ పిల్లకి చదువు చెప్పడం రాకుండా పోయింది! పోయిన వారం ఆ అమ్మాయి ఈ గుమ్మంలోనే నిలబడింది, వాచిన కాళ్ళతో. "మేడమ్, మీరు ఎవరి తరఫు?" అని అడిగింది. "యూనివర్సిటీ తరఫమ్మా" అంది తను, ఉన్నమాటే కదా అని. "మరి నా తరఫున ఎవరండీ?" అంటే, కూర్చోమని కుర్చీ జరిపింది.

చివరి కాగితం తిప్పింది. అది తన ఉత్తరమే. తొమ్మిదేళ్ళ కిందట, కూతురు పుట్టిన ఆరో వారం రాసింది. 'మిగిలిన సెలవును స్వచ్ఛందంగా వదులుకుంటున్నాను.' పక్కన రిజిస్ట్రార్ చేతిరాత: 'మన లాయరే ఆరు వారాలకి వచ్చారు. ఇదే ఆనవాయితీగా చూపవచ్చు.'

స్వచ్ఛందంగా! ఆ రోజు పై అంతస్తు నుంచి ఫోనొచ్చింది, రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరిని చూసుకుంటామని. "పోనీ స్వచ్ఛందంగా అని రాసెయ్యి, నీకే మంచి పేరు" అని భర్త భోజనాల బల్ల దగ్గర చెప్పాడు, ఆమె రాసింది. "పిల్లని నేను చూస్తాలే, కానీ రేపు ఏదైనా అయితే నన్ననకు" అంది అత్తగారు. మొదటి మీటింగులోనే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతే, ఫైలు గుండెలకు హత్తుకుని గంటన్నర నిలబడింది. ఆ గంటన్నరా వాళ్ళు ఆమె శ్రద్ధను మెచ్చుకున్నారు. తను దిగమింగిందంతా ఇప్పుడు ఇంకో ఆడపిల్ల మెడకి ఉచ్చయింది. ఆమెకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది.

పదకొండు కొట్టేముందు పైకి వెళ్ళి ఫైలు బల్ల మీద పెట్టింది. రిజిస్ట్రార్ ఎడమ మూల చూశాడు. ఖాళీ.

"సంతకం మర్చిపోయినట్టున్నారు."

"లేదండీ, వెనక పేజీ చూడండి."

అక్కడ ఆమె అభిప్రాయం నాలుగు వాక్యాల్లో ఉంది. 'ఈ నోటీసు చట్టం ముందు నిలవదు. ఐదో తారీఖు రిపోర్టు సెలవు అడిగినందుకే పుట్టింది. జతపరిచిన ఉత్తరం నేను ఇష్టపడి రాసింది కాదు, ఉద్యోగం పోతుందన్న భయంతో రాసింది. దాన్ని ఇంకే స్త్రీ మీదా వాడరాదు.' కింద పొట్టి సంతకం కాదు, పూర్తి పేరు.

ఆయన మొహం మాడింది. "ఈ కాగితం తీసేసి మళ్ళీ రాయండి. ఇది ఫైల్లో ఉంటే మీ ఉద్యోగానికి కూడా మంచిది కాదు, ఆలోచించుకోండి. ఇంట్లో ఒక్కమాట అడిగి రండి, పోనీ."

ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆ ఉత్తరం ఇంట్లో అడిగే రాశానండీ," అంది. "ఇది అడక్కుండా రాశాను."