కడిగిన ఊరగాయ

ప్రయోగశాలలో ఇద్దరు విద్యార్థుల కొలతలు దశాంశ స్థానం దాకా కలిసిపోయాయంటే ఒకరిది చూసి ఇంకొకరు రాశారనే అర్థం. చిత్తూరు కళాశాలలో ముప్పైనాలుగేళ్లు భౌతికశాస్త్రం చెప్పిన గంగాధరం ఈ ఒక్క సూత్రంతో ఎన్ని రికార్డులు వెనక్కి తోశాడో లెక్కలేదు. తీరా మనుషుల విషయానికి వచ్చేసరికి దాన్నే మరిచిపోయాడు.

పదవీ విరమణ తరువాత అతడు తిరుపతిలోని ఒక ఆసుపత్రిలో, అవయవ మార్పిడికి అనుమతులిచ్చే సంఘంలో సభ్యుడయ్యాడు. నెలకు రెండుసార్లు చిత్తూరు నుంచి బస్సులో వస్తాడు. భార్య తన మూత్రపిండాన్ని భర్తకు ఇవ్వవచ్చునని చట్టం ఒప్పుకుంటుంది. అమ్మకాన్ని మాత్రం ఒప్పుకోదు. కాబట్టి భార్యనని వచ్చిన మనిషి భార్య అవునో కాదో ముందు తేల్చాలి. రెండు నెలల కిందట ఒక జంట వచ్చింది. విడివిడిగా కూర్చోబెట్టి అడిగిన పదిహేను ప్రశ్నలకూ ఇద్దరిదీ ఒకటే జవాబు. రేషన్ కార్డు, పెళ్లి ఫొటో అన్నీ సక్రమంగా ఉన్నాయి. గంగాధరం ముచ్చటపడి సంతకం చేశాడు. ఆపరేషన్‌కు రెండు రోజుల ముందు ఆ స్త్రీ నర్సు దగ్గర ఏడ్చేసింది. ఆ మగవాడెవరో ఆమెకు తెలియదు. ఎవరో దళారి ఇద్దరికీ పాఠం అప్పజెప్పించి పంపాడు. కత్తి ఆగిందేగానీ, ఆపింది తాను కాదన్న సంగతి గంగాధరానికి ఇంకా మింగుడుపడలేదు.

ఈరోజు వచ్చినవాళ్లది నగరి. మునిచంద్రకు నలభై ఆరేళ్లు. మరమగ్గం నడిపిన మనిషి, రెండేళ్లుగా డయాలసిస్ మీద బతుకుతున్నాడు. భార్య పంకజాక్షి ఇప్పుడు ఆ మగ్గం నడుపుతోంది. పెళ్లై ఇరవై ఒక్క ఏళ్లు. పిల్లలు లేరు. పెళ్లి ఎక్కడా నమోదు కాలేదు, ఫొటోలు చెదలపాలయ్యాయి. మిగిలింది రేషన్ కార్డు ఒక్కటే. దాని విలువెంతో గంగాధరానికి ఇప్పుడు బాగా తెలుసు. ఆపరేషన్ గురువారానికి నిర్ణయించారు. సభ్యుల్లో ఒక్కరు కాదన్నా కాగితాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. కనీసం మూడు నెలలు. మునిచంద్ర చేతిలో సూది గుచ్చే నరం అన్నాళ్లు పనిచేస్తుందని డాక్టర్లకు నమ్మకం లేదు.

ముందు మునిచంద్రను పిలిచారు. సంఘం అధ్యక్షురాలు డాక్టర్ అమల పక్కన కూర్చుని రాసుకుంటోంది.

“ఇంట్లో వంట ఎవరు చేస్తారప్పా?” అన్నాడు గంగాధరం.

“మా ఇంట్లో ఆమే సార్. ఇంగెవురు సేస్తారు?”

“ఆమెకు ఏ కూరంటే ఇష్టం?”

మునిచంద్ర గడ్డం గోక్కున్నాడు. “అన్నీ తింటాది సార్. ఇదే కావాలని యానాడూ అడిగింది లేదు.”

“నువ్వు పథ్యం పాటిస్తున్నావా? ఊరగాయ, ఉప్పు చేప?”

“రెండేండ్లాయ సార్ ఊరగాయ ముట్టి,” అన్నాడు డాక్టరు వైపు చూస్తూ. “వాసన గూడా సూడలా.”

అతణ్ణి బయటకు పంపి పంకజాక్షిని పిలిచారు. ఆమె చీర కొంగుకు నూలు పోగులు అంటుకుని ఉన్నాయి.

“వంట ఎవరు చేస్తారమ్మా?”

“ఆయనే సార్.”

డాక్టర్ అమల కలం ఆగింది.

“మీకు ఇష్టమైన కూర?”

“మునగాకు. ఆయనకు ఆ వాసన పడదు. అందుకే ఇంట్లో వండేది లేదు. మా అక్కోళ్లింటికి పోయినప్పుడు తింటా.”

“ఆయన ఊరగాయ తింటాడా?”

“తింటాడు.”

డాక్టర్ అమల గంగాధరం వైపు వంగి మెల్లగా అంది: “మూడింటికి మూడూ కలవలేదు సార్. వాయిదా వేద్దామా?”

అతడు చెయ్యెత్తి ఆగమన్నాడు. చాలా ఏళ్ల తరువాత, సొంతంగా ప్రయోగం చేసిన విద్యార్థి రికార్డులో కొట్టివేతలూ దిద్దుళ్లూ కనబడినట్టు అతనికి కుతూహలం పుట్టింది.

“అమ్మా, వంట నువ్వే చేస్తావని ఆయన చెప్పినాడే?”

పంకజాక్షి పెదవి కొరుక్కుంది. “అట్నే సెప్తాడు సార్. నేను పొద్దున ఆరుకు షెడ్డుకు పోతే మూడుకు వస్తా. అంతలోకి సంగటి కెలికి పెట్టింటాడు. మొగోడు వండినాడని ఎవురన్నా అంటారని వాకిలేసుకోని వండతాడు.”

“మరి ఊరగాయ?”

“అటక మింద పాత నూలు కండెల బుట్ట వెనకాల ఒక సీసా దాసిపెట్టినాడు. నాకు తెలీదనుకుంటా ఉండాడు. నేను నిల్వ సేసిన ఊరగాయంతా మా అక్కోళ్లింట్లో ఉండాది. వారం వారం ఏడెనిమిది ముక్కలు తెచ్చి, ఉడుకునీళ్లతో రెండు మూడు తూర్లు కడిగి, ఉప్పంతా పొయినాక రవ్వంత కారం, నూనె కలిపి ఇంట్లో నా జాడీలో పెడతా. ఆయన దాంట్లోంచే దొంగతనంగా తన సీసాలోకి తీసుకుంటాడు.” గొంతు తగ్గించింది. “ఆయనకు సెప్పొద్దు సార్. తెలిసిందంటే ఇంగోసోట దాసుకోని ఉప్పుదే తింటాడు.”

డాక్టర్ అమల నవ్వు ఆపుకోవడానికి కాగితాలు సర్దుకుంది. గంగాధరం నవ్వలేదు. ఇంకో ప్రశ్న మిగిలి ఉంది. ఈ బల్ల ముందుకు వచ్చిన దాతల్లో ఎక్కువమంది భార్యలూ తల్లులే. పుచ్చుకునేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. దీనికి త్యాగమని పేరు పెట్టి ఊరుకోవడం అతనికి చేతకాదు.

“ఒక్క మాట అడుగుతానమ్మా. జబ్బు నీకు వచ్చి ఉంటే ఆయన ఇచ్చేవాడా?”

ఆమె తొందరపడలేదు. “ఏమో సార్. ఇస్తాననే అంటాడు. మా అత్త బతికుంటే ఇయ్యనిచ్చేది గాదు. ఆయన ఇస్తాడా లేదా అని సూసుకోని నేనిస్తే, అది బేరమైపోతాది గదా.”

“నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పొచ్చు. పరీక్షల్లో సరిపోలేదని మేమే చెబుతాం. కారణం ఎవరికీ తెలియదు.”

“ఇష్టం లేనప్పుడు సెప్పినా సార్. మొదటేడు ఇయ్యనన్నా. బయపడినా. ఆయన ఒక్క మాట అనలా. మా ఆడబిడ్డలన్నారు, పడినా. ఇప్పుడు ఇస్తానంటా ఉండా.”

ఒకసారి కాదనగలిగిన మనిషి అవునంటే, ఆ అవుననడానికి బరువుంటుంది. గంగాధరం ఆ మాట మనసులోనే ఉంచుకుని, ఆమెను పంపి భర్తను మళ్లీ పిలిపించాడు. ఆమె చెప్పింది పొక్కకుండా దాన్ని సరిచూడాలి.

“మునిచంద్రా, పథ్యం తప్పితే మేమేమీ కొట్టం. ఊరగాయ నిజంగానే ముట్టలేదా?”

మునిచంద్ర తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నాడు. “మా ఇంట్లో ఆమెతో అనగాకండి సార్. అటక మింద ఒక సీసా ఉండాది. సంగట్లోకి ఒగ ముక్క, అంతే. ఆమెకు తెలిస్తే నన్ను బతకనీదు.” మనసులోని దిగులంతా బయటపెట్టాడు. “అయినా అది ఊరగాయా సార్? ఈ ఏడు బంగారుపాళ్యం మామిడికాయల్లో పసే లేదు. ఉప్పు లేదు, పులుపు లేదు. పోయినేడూ అంతే. కాయే అట్టొచ్చిందో, నా నాలికే సచ్చిపోయిందో.”

డాక్టర్ అమల లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

దళారి అయితే ఇద్దరికీ ఒకే జవాబు నేర్పుతాడు. ఒకే సీసాను చెరోవైపు నుంచి దాచుకోవడం నేర్పలేడు. ఆ సంగతి పూర్తిగా ఎరిగినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. కడగడం అతనికి తెలియదు, అతని దిగులు ఆమెకు తెలియదు. రెండూ తెలిసినవాళ్లు ఈ గదిలో తామిద్దరే. గంగాధరం సంతకం చేశాడు. బంధుత్వానికి ఆధారమేమిటన్న చోట కాసేపు ఆలోచించి, ‘విడివిడిగా విచారించాం, సంతృప్తి చెందాం’ అని రాసి, ఆ వాక్యం ఎంత చప్పగా ఉందో చూసుకుని, మార్చకుండా వదిలేశాడు.

చిత్తూరు బస్సుకు బయలుదేరుతుంటే నడవాలో బల్ల మీద ఇద్దరూ కనబడ్డారు. అనుమతి సంగతి అప్పటికే వాళ్లకు తెలిసింది. మునిచంద్ర లేచి నిలబడి, చెప్పలేదు కదా అన్నట్టు చూశాడు. అతని వెనక నుంచి పంకజాక్షి కూడా అదే చూపు చూసింది.

“అంతా సరిగ్గా జరిగితే కొన్నాళ్లకు డాక్టర్లు రవ్వంత ఊరగాయ తిననిస్తారటప్పా,” అన్నాడు గంగాధరం.

“నాకెందుకు సార్,” అన్నాడు మునిచంద్ర గంభీరంగా. “దాని రుసే మర్సిపోయినా.”

“నిజమే సార్,” అంది పంకజాక్షి, కొంగుకున్న నూలు పోగు తీసి పారేస్తూ. “మర్సేపోయినాడు.”