మీసాల బొమ్మ ఒళ్ళో ఇనుము

కొత్త చౌక్ తెరిచిన నాటి నుంచి చెప్పులక్క అటు తొంగి కూడా చూడలేదు. పాత వీధిని పడగొట్టి నున్నటి రాళ్ళు పరిచారు, నేలలోంచి నీళ్ళు చిమ్మే గొట్టాలు పెట్టారు, ఎవరూ నడుం వాల్చకుండా బల్లలకు అడ్డంగా ఇనుప కమ్మీలు బిగించారు. ఇరవై ఆరేళ్ళు ఆమె చెప్పులు కుట్టిన చోట, చెప్పులు కుట్టే మనిషి కంచు బొమ్మను కూర్చోబెట్టారు. 'ఈ వీధి శ్రమకు వందనం' అని కింద పలక. వందనం బొమ్మకి, గెంటివేత మనిషికి!

వీధి పడగొట్టక ముందు, ఆ బొమ్మ చేసినాయన పది రోజులు ఆమె ఎదుట కూర్చుని చేతులు చూశాడు. "అక్కా, మీ ఇనుము రెండ్రోజులు ఇస్తారా? కొలతలు చూసుకుని తెచ్చేస్తాను" అన్నాడు. అది ఆమె తండ్రి వాడిన మూడు పాదాల ఇనుము. దానికి బూటు బోర్లా తొడిగి మేకు కొడితే, మొన లోపల ఇనుముకు తగిలి మడుచుకుంటుంది. మెత్తగా అడిగాడు కదా అని ఇచ్చింది. ఆ రెండ్రోజులు ఎనిమిది నెలలయ్యాయి. అది బొమ్మ ఒళ్ళోనే ఉందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. మున్సిపల్ ఆఫీసులో అడిగితే గోడకు చెప్పుకున్నట్టే.

అప్పటినుంచి సందు చివర ఒక రాయి మీద పెట్టి కొడుతోంది. రాయి మీద మేకు సరిగ్గా మడుచుకోదు. ఈ ఉదయం ఆసుపత్రిలో నేలలు తుడిచే ఆమె కుంటుకుంటూ వచ్చి బూటు విప్పి చూపించింది. లోపల రక్తం.

"ఇన్నేళ్ళుగా నీ దగ్గరికే వస్తున్నా. ఎప్పుడూ ఇలా లేదు. ఇంక వేరే చోటు చూసుకోనా?"

చెప్పులక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. సుత్తి, సంచీ, ఆ బూటు పట్టుకుని సరాసరి చౌక్‌లోకి నడిచింది. ఒంటి బూటుతో వెనకే ఆమె.

బొమ్మకు ఇంతేసి మీసాలు. చేతులు మాత్రం చెప్పులక్కవే, వంకర బొటనవేలితో సహా. ఆడమనిషిని కూర్చోబెడితే ఎవరి కొంప మునిగేదో! మోకాళ్ళ మధ్య, సిమెంటులో పాతేసి, తండ్రి ఇనుము.

ఆమె నేల మీద చతికిలబడి బూటును దానికి బోర్లా తొడిగింది. గార్డు ఈల వేస్తూ పరిగెత్తుకొచ్చాడు.

"అక్కా, బొమ్మని ముట్టుకోకూడదు!"

"బొమ్మనెవరు ముట్టుకున్నారు? నా ఇనుముని ముట్టుకున్నా."

"అది కళంట అక్కా."

"మా నాన్న చెమట నాయనా అది! దొంగసొత్తుకి కాపలా పెట్టి, పైగా నీకు ఈల కూడా ఇచ్చారా?"

చుట్టూ జనం మూగారు. ఆమె మేకు మీద మేకు దిగ్గొట్టింది. కోపంతో కళ్ళు చెమర్చినా సుత్తి తప్పలేదు.

"వెళ్ళి మీ పెద్దవాళ్ళకి చెప్పు. ఇనుము ఊడదీసి ఇస్తే లేస్తా. లేదంటే ఈ మీసాలాయన్ని లేపమను."

గార్డు ఫోను తీశాడు గానీ నొక్కలేదు. ఆసుపత్రి ఆమె బూటులో చెయ్యి పెట్టి తడిమింది. తొడుక్కుని నాలుగడుగులు వేసింది.

"గుచ్చుకోవట్లేదు" అంది.

చెప్పులక్క రెండో బూటు కూడా విప్పమంది.